తాగేవాటి నుంచి పంటి ఎనామెల్‌ని కాపాడుకోవడం ఎలా?

భీమవరం పక్కన ఒక ఆక్వా ల్యాబ్‌లో నా ఉద్యోగం. పొద్దున్న ఏడింటికల్లా రైతులు చెరువు నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి బల్ల మీద వరసగా పెడతారు. పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, ఏడుకన్నా తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ), ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి), అమ్మోనియా, సెలినిటీ (ఉప్పదనం) చూసి చీటీ రాసివ్వడం నా పని. ఇన్నేళ్లూ ఊళ్లో అందరి చెరువుల పీహెచ్ చూశాను గానీ, నా నోట్లో పీహెచ్ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

కిందటేడు వేసవిలో కుండలో నీళ్లు తాగినా ముందుపళ్లు జివ్వుమనడం మొదలైంది. పుచ్చేమో అనుకుని పళ్ల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ చిన్న అద్దం పెట్టి ఒక్కో పన్నూ చూసి, పుచ్చు ఎక్కడా లేదన్నారు.

"పొద్దున్నే ఏం తాగుతారండీ?"

"గోరువెచ్చటి నీళ్లలో నిమ్మకాయ పిండుకుని, తేనె కలుపుకుని తాగుతానండి. పొట్ట తగ్గుతుందని."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లవుతుందండి."

"తాగాక?"

"వెంటనే బ్రష్ చేసేస్తానండి. నోరంతా పులుపు కదా."

"పొట్ట తగ్గిందా?"

"లేదండి."

"పళ్లు తగ్గాయి" అన్నారావిడ.

మర్నాడు ఆ నిమ్మనీళ్లే ఒక సీసాలో పోసుకుని ల్యాబ్‌కి పట్టుకెళ్లాను. చెరువు నీళ్లు ఏడుకీ తొమ్మిదికీ మధ్యే ఉంటాయి కాబట్టి మా మీటర్‌ని 7, 10 బఫర్లతోనే (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాలు) సరిచూసుకుంటాం. 4 బఫర్ సీసాకి అప్పటిదాకా సీలు కూడా తీయలేదు. ఆ రోజు తీశాను. ప్రోబ్ ముంచగానే అంకెలు గబగబా కిందికి దిగి 2.7 దగ్గర ఆగాయి. చెరువు చీటీ మీద ఆ అంకె రాసిస్తే రైతు అక్కడే కూలబడేవాడు.

ఆ తర్వాత వారం రోజులు ఇంట్లోవీ బజారువీ తాగేవన్నీ తెచ్చి కొలిచాను. ఆ కొలతలూ, డాక్టరుగారు చెప్పినవీ, నా పళ్లు పోగొట్టుకుని నేను నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీరు మీటర్లు కొనక్కర్లేదు. ఒక కాగితం, పెన్సిలు, గ్లాసుడు మంచినీళ్లు ఉంటే చాలు.

ముందు తెలుసుకోవాల్సింది: కోత వేరు, బొరియ వేరు

పంటి మీద తెల్లగా మెరిసే పై పొర ఎనామెల్. స్కూలు పుస్తకాల్లో పింగాణి పొర అని చదువుకున్నాం. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది ఇదే, ఎముక కన్నా కూడా. బరువులో దాదాపు 96 శాతం ఖనిజం, అంటే కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికాలు. దవడపళ్ల మొనల మీద బాగా మందంగా ఉన్నచోట కూడా సుమారు రెండున్నర మిల్లీమీటర్లే. చిగురు దగ్గరికి వచ్చేసరికి పల్చబడిపోతుంది. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగితే కట్టుకుంటుంది. ఎనామెల్‌లో జీవకణాలు లేవు కాబట్టి అరిగిపోయింది మళ్లీ పెరగదు.

దీనికి నష్టం రెండు రకాలుగా వస్తుంది. లంక ఊళ్లవాళ్లకి ఇది చెప్పడం తేలిక. వరద వచ్చినప్పుడు గోదావరి గట్టుని బారుగా కోసుకుపోతుంది. ఎక్కడా కన్నం కనపడదు, నీళ్లు తీసేసరికి కొబ్బరిచెట్ల వరస ఒకటి ఉండదు. అది కోత. చేను గట్టుకి ఎలక బొరియ పెట్టడం ఇంకొకటి. ఒక్కచోటే తవ్వుతుంది, లోపలికంటా తవ్వుతుంది. పుచ్చు ఈ బొరియ లాంటిది. పంటి మీద పాచిలో ఉండే బ్యాక్టీరియా పంచదారని తిని ఆమ్లం తయారుచేస్తుంది, ఆ ఆమ్లం అక్కడే తొలుస్తుంది. నిమ్మనీళ్లు చేసేది కోత. మధ్యలో బ్యాక్టీరియాతో పనిలేదు, తాగేదాంట్లోని ఆమ్లమే నేరుగా పై పొరని కరిగించేస్తుంది. కూల్ డ్రింకులో ఆమ్లమూ ఉంది, పంచదారా ఉంది. కాబట్టి కోతా బొరియా రెండూ.

గుర్తుపెట్టుకోవాల్సిన హద్దు సుమారుగా 5.5. నోట్లో పీహెచ్ అంతకన్నా దిగితే ఎనామెల్ నుంచి ఖనిజం బయటికి రావడం మొదలవుతుంది. చిగుళ్లు దిగి పంటి వేరు బయటపడ్డ పెద్దవాళ్లకైతే ఆ హద్దు ఇంకా పైన, ఆరు దాటిన దగ్గరే. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లం పదిరెట్లు పెరిగినట్టని ఆక్వా రైతులకి వేరే చెప్పక్కర్లేదు. 5.5 నుంచి 2.5కి దిగితే వెయ్యి రెట్లు.

మరి రోజూ చింతపండు పులుసు తినే మనకి పళ్లు ఇన్నాళ్లు ఎలా ఉన్నాయంటే, లాలాజలం పుణ్యం. చెరువుకి ఆల్కలినిటీ ఎలాగో నోటికి లాలాజలం అలాగ. రెండిట్లోనూ పనిచేసేది బైకార్బొనేటే. పులుపు తగలగానే నోరూరుతుంది చూడండి, అది ఆమ్లాన్ని చల్లార్చడానికి వచ్చే నీరు. అందులో కాల్షియం, ఫాస్ఫేట్ కూడా ఉంటాయి. అరగంట, ముప్పావుగంట టైమిస్తే నోటిని మళ్లీ మామూలు స్థితికి తెచ్చి, మెత్తబడ్డ పొరకి కొంత ఖనిజాన్ని తిరిగి అందిస్తుంది. ఆ టైము మనం ఇస్తున్నామా లేదా అన్నదే అసలు లెక్క.

మొదటి పని: ఒక రోజు కాగితం రాయండి

పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లో పడ్డ ప్రతి చుక్కా టైముతో సహా రాయండి. మంచినీళ్లు అక్కర్లేదు. మొదలుపెట్టిన టైము, గ్లాసు ఖాళీ అయిన టైము రెండూ వేయండి. ఎంత తాగారన్నది తర్వాత చూసుకోవచ్చు.

మా బావగారిది రాయించాను. ఆయనకి ఆకివీడు వైపు చెరువులున్నాయి, పగలంతా షెడ్డులోనే ఉంటారు. కాగితం ఇలా వచ్చింది:

5:00 టీ, రెండు చెంచాల పంచదార.
6:30 ఇంకో టీ.
9:00 టిఫిను, మళ్లీ టీ.
11:00 నుంచి 2:00 దాకా 750 మిల్లీలీటర్ల కూల్ డ్రింకు సీసా. మేత వేసి వచ్చి ఒక గుక్క, ఏరియేటర్ చూసి వచ్చి ఒక గుక్క.
4:00 టీ.
5:30 సెంటర్లో నిమ్మ సోడా.
8:30 భోజనం, మజ్జిగ.
10:30 పడుకునేముందు ఒక బత్తాయి రసం, అక్కయ్య బలవంతం మీద.

ఇప్పుడు ప్రతి దానికీ తాగినంతసేపూ, ఆ పైన అరగంటా కలిపి పెన్సిలుతో గీత గీయండి. మంచినీళ్లు, పంచదార లేని మజ్జిగ, పాలు వదిలేయండి. బావగారి కూల్ డ్రింకు సీసా ఒక్కటే మూడున్నర గంటలు మింగేసింది. ప్రతి గుక్కకీ లాలాజలం పని మళ్లీ మొదటికొచ్చింది. అదే సీసా అన్నంతోపాటు పది నిమిషాల్లో అవగొట్టి ఉంటే గీత నలభై నిమిషాలు. సీసా అదే, డబ్బులు అవే, పంటికి మాత్రం దానికీ దీనికీ పోలికే లేదు. (పంచదార విషయంలో పోలిక అక్కర్లేదు లెండి. వంద మిల్లీలీటర్లకి పది, పదకొండు గ్రాములు. 750 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 80 గ్రాములు. పళ్లకి పట్టినా పట్టకపోయినా షుగరుకి పడుతుంది.)

ఈ కాగితం రాయకుండా మిగతాదంతా చదివితే లాభం తక్కువ. "నేను కూల్ డ్రింకులు అసలు తాగనండీ" అనేవాళ్ల కాగితాల్లోనే నాకు ఆరు టీలు, రెండు నిమ్మ సోడాలు దొరికాయి.

రెండో పని: మీరు తాగేవి ఏ గుంపువో చూసుకోండి

నిమ్మకాయతో మొదలుపెడతాను, నాకు దానితోనే పాత బాకీ ఉంది. అరచెక్క పిండిన గ్లాసుడు నీళ్లు మూడు కిందికే దిగుతాయి. ఎన్ని నీళ్లు కలిపినా పెద్దగా పైకి రాదు, ఎందుకంటే పదింతలు పలచన చేసినా పీహెచ్ కదిలేది ఒక్క అంకె లోపే. ఉప్పు వేసినా, పంచదార వేసినా, తేనె వేసినా పులుపు నాలికకి తెలియకుండా పోతుందే గానీ మీటర్‌కి తెలుస్తూనే ఉంటుంది. పైగా సిట్రిక్ ఆమ్లానికి కాల్షియంని పట్టుకుని లాక్కుపోయే గుణం ఉంది. రోజూ పరగడుపున వేడినీళ్లలో తాగడం మరీ కోరి తెచ్చుకోవడం. రాత్రంతా లాలాజలం తక్కువ ఊరి నోరు ఎండి ఉంటుంది, వేడికి ఆమ్లం ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. యాపిల్ సైడర్ వెనిగర్ తాగే కొత్త అలవాటూ ఈ బాపతే. అది కూడా మూడు దగ్గరే. ఒకప్పుడు నేను చెప్పినట్టే ఇప్పుడు నాకు చాలామంది దాని గొప్పలు చెబుతున్నారు. విని ఊరుకుంటున్నాను.

కూల్ డ్రింకుల్లో నల్లవి రెండున్నర దగ్గర, తెల్లవీ ఆరెంజివీ మూడు పైన ఉన్నాయి. పంచదార లేని డైట్ రకం పుచ్చుకి కొంత నయం, కోతకి మాత్రం తేడా లేదు. అందులోనూ ఆమ్లం అంతే. మన రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. కానీ పంటికి ఊరి అభిమానం ఉండదు, ఏ ఊరి డ్రింకైనా లెక్క ఒకటే. పెట్టెల్లో వచ్చే మామిడి రసాలని పిల్లలకి "జ్యూసే కదా" అని ఇచ్చేస్తాం. అవీ నాలుగు లోపే.

గోలీ సోడా సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఉట్టి సోడా నాలుగున్నర దగ్గర చూపించింది. కానీ అందులో ఉన్నది గ్యాస్ వల్ల వచ్చే బలహీనమైన కార్బానిక్ ఆమ్లం, పంచదార లేదు, నోట్లో గ్యాస్ పోగానే దాని పనీ అయిపోతుంది. కాబట్టి ఉప్పు సోడా తాగేవాళ్లు పళ్ల గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు, బీపీ ఉంటే ఉప్పు గురించి పడండి. అందులో నిమ్మకాయ పిండగానే మూడు దగ్గరికి దిగిపోతుంది. సుగంధి సోడాలో నిమ్మ వద్దని చెబితే మిగిలేది పంచదార పాకమే. అది కోతకి కాదు గానీ పుచ్చుకి మంచి మేత.

చెరకు రసం ఒట్టిది అయిదు చిల్లర ఉంది. బండివాడు అల్లంతో పాటు నిమ్మచెక్క పెట్టి ఆడిస్తే అయిదు కిందికి పోయింది. అయినా చెరకు రసంలో పంచదారే ముఖ్యమైన ఇబ్బంది. కొబ్బరి బొండాం కూడా అయిదు దగ్గరే ఉంటుంది, కానీ పంచదార తక్కువ, ఎవరూ గంటసేపు చప్పరించరు, నిలబడి ఎత్తి తాగేస్తారు. ఇంత పెద్ద కోనసీమని పక్కన పెట్టుకుని రోడ్డు మీద సీసాలు కొనడం నాకు మొదటి నుంచీ అర్థంకాని విషయమే. తాటి నీరా తెల్లవారగట్ల చెట్టు దించినప్పుడు ఏడు దగ్గర ఉంటుంది, ఎండెక్కి పులిసి కల్లయ్యేసరికి నాలుగు దగ్గరికి వస్తుంది. ఆ పైన నేను మాట్లాడను.

టీ, కాఫీల్లో పాలుంటాయి కాబట్టి ఆమ్లం భయం లేదు, మా ఇంటి టీ ఆరున్నర చూపించింది. ఇబ్బంది పంచదారది, అదీ రోజుకి ఆరుసార్లు. రెండు చెంచాల చొప్పున ఆరు టీలంటే పాచిలో బ్యాక్టీరియాకి ఆరుపూటలా భోజనం. పంచదార మానేస్తే మీ కాగితం మీద టీ గీతలన్నీ ఒక్క దెబ్బకి చెరిపేయొచ్చు. ఒక్కసారి మానలేకపోతే వారానికి అరచెంచా తగ్గించుకుంటూ రండి. లెమన్ టీ మాత్రం పై నిమ్మ గుంపులోకే.

ఇక మజ్జిగ. మీటర్ 4.5 చూపించింది. నేను కంగారుపడి డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆవిడ నవ్వి, "అందులో కాల్షియం, ఫాస్ఫేట్ నిండుగా ఉంటాయండీ, పంటి నుంచి లాక్కోవాల్సిన అవసరం దానికేముంది?" అన్నారు. నాకు వెంటనే అర్థమైంది. నీళ్లలో మినరల్స్ నిండుగా ఉంటే రొయ్య పెంకుకి లోటు రాదు. పీహెచ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదని నేను రైతులకి రోజూ చెప్పే మాటే. భోజనం చివర పెరుగన్నంతోనో మజ్జిగతోనో ముగించడం మన పెద్దవాళ్లు ఎందుకు పెట్టారో నాకు తెలీదు గానీ, పులుసు తిన్న పంటికి అంతకన్నా మంచి ముగింపు లేదు. మజ్జిగలో నిమ్మ పిండకండి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు చాలు.

మూడో పని: తాగే తీరు మార్చుకోండి

ఇష్టమైనదాన్ని మానేయమని చెబితే ఎవరూ వినరు, నేనూ వినలేదు. తాగే తీరు మార్చుకోవడం తేలిక.

పుల్లటిదైనా తియ్యటిదైనా భోజనంతోపాటు తాగండి. అప్పుడు లాలాజలం ఎలాగూ ఎక్కువ ఊరుతుంది. మొదలుపెట్టాక పది నిమిషాల్లో అవగొట్టండి. సీసా పక్కన పెట్టుకుని చప్పరించడం మానండి. నోట్లో పోసుకుని బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి మింగే అలవాటు కొందరికి ఉంటుంది, గ్యాస్ చిటపటలాడుతుంటే బాగుంటుందని. పంటికి అంతకన్నా అన్యాయం లేదు. స్ట్రా ఉంటే వాడండి, దాని కొస ముందుపళ్లు దాటి నాలిక మీదికి పెట్టుకుంటేనే ఉపయోగం. పెదాల మధ్య పెట్టుకుని పీలిస్తే ధార నేరుగా ముందుపళ్ల మీదే కొడుతుంది.

రోహిణి కార్తెలో ఎండన పడి వచ్చినప్పుడు ముందు మంచినీళ్లు తాగండి, తర్వాతే ఏదైనా. ఒంట్లో నీరు తగ్గితే లాలాజలమూ తగ్గుతుంది. ఎండిన నోట్లో పడ్డ నిమ్మ సోడాకి అడ్డుపడేవాళ్లు ఉండరు. జలుబు మాత్రలు, కొన్ని బీపీ మందులు కూడా నోరు ఆరబెడతాయి. వాటిని వాడేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదువుకోండి.

ఒక హెచ్చరిక. వడదెబ్బో విరేచనాలో పట్టుకున్నప్పుడు ఓఆర్ఎస్ ఇవ్వాలి, షుగరు పడిపోయి చెమటలు పడుతున్న మనిషికి తియ్యటిది వెంటనే తాగించాలి. అలాంటప్పుడు పళ్ల లెక్కలు తీయకండి.

మన వైపు మర్యాదల సంగతి కూడా చెప్పుకోవాలి. సంక్రాంతికి నాలుగిళ్లకి వెళ్తే నాలుగిళ్లలోనూ గ్లాసుడు కూల్ డ్రింకు చేతిలో పెడతారు. వద్దంటే "ఏవండీ, మా ఇంట్లో తాగరా" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. నేను కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, గుమ్మంలోకి అడుగుపెడుతూనే "అత్తయ్యా, చల్లటి మజ్జిగుంటే కొంచెం ఇస్తావా" అని నేనే అడిగేస్తాను. అడిగి తాగినవాడి మీద ఎవరికీ కోపం రాదు. పైగా పెరుగు బాగా తోడుకుందని మెచ్చుకోవడానికి వీలుంటుంది.

నాలుగో పని: తాగాక బ్రష్ ముట్టుకోకండి

నేను చేసిన అసలు తప్పు ఇదే. ఆక్వా రైతులకి ఒక్క ముక్కలో చెబుతాను: పులుపు తాగిన పన్ను మోల్టింగ్ అయిన రొయ్య లాంటిది.

అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే రైతులు మోల్టింగ్ కోసం కాచుకుని ఉంటారు. పాత పెంకు వదిలిన రొయ్య మెత్తగా ఉంటుంది. అప్పుడు వల వేయరు, చెయ్యి పెట్టి కదపరు. చెరువులో మినరల్స్ వేసి ఊరుకుంటారు, రొయ్య నీళ్లలోంచి ఖనిజం తీసుకుని మళ్లీ గట్టిపడుతుంది. ఆమ్లం తగిలిన ఎనామెల్ పైపొర కూడా కాసేపు మెత్తబడి ఉంటుంది. దానికి మినరల్స్ వేసేది లాలాజలం. ఆ టైములో బ్రష్ పెట్టి రుద్దితే గట్టిపడాల్సిన పొర నురగతో పాటు సింకులోకి పోతుంది. నేను రెండేళ్లు రోజూ పొద్దున్నే చేసిన పని అది.

కాబట్టి పుల్లటిది తాగగానే గ్లాసుడు మామూలు నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి, లేదా మింగేయండి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట బ్రష్ జోలికి వెళ్లకండి. పంచదార లేని చూయింగ్ గమ్ నమిలితే లాలాజలం ఊరి పని తొందరగా అవుతుంది. వక్కపొడి, గుట్కా ఆ లెక్కలోకి రావు, వాటి జోలికే పోవద్దు. పొద్దున్న బ్రష్ చేసుకోవాల్సింది ముందు, తాగేది ఏదైనా తర్వాతే.

కడుపులో పుల్లటి తేన్పులు గొంతులోకి వచ్చేవాళ్లకీ, వేవిళ్లతో వాంతులయ్యే ఆడవాళ్లకీ ఇదే పద్ధతి. కడుపులోని ఆమ్లం నిమ్మకాయ కన్నా ఘాటైనది. గ్లాసుడు నీళ్లలో చిటికెడు తినే సోడా కలిపి పుక్కిలిస్తే మంచిది. రాత్రిళ్లు తరచూ అలా వస్తుంటే పళ్ల డాక్టరు ఒక్కరే చాలరు, కడుపు డాక్టరునీ కలవాలి.

అయిదో పని: రుద్దేది ఏమిటో చూసుకోండి

మా నాయనమ్మ కచ్చికతో తోముకునేది. తాతయ్య బొగ్గు, అప్పుడప్పుడు ఇటుక పొడి. వాళ్ల పళ్లు గట్టిగా ఉన్నాయని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. ఫొటోల్లో చూస్తే సగానికి అరిగి ఉన్నాయి. వాళ్లు రోజుకో కూల్ డ్రింకు తాగలేదు కాబట్టి అంతమాత్రమైనా మిగిలాయి. ఇప్పుడు అదే బొగ్గు నల్ల డబ్బాలో చార్‌కోల్ పేరుతో మూడింతల ధరకి వస్తోంది. మెత్తబడ్డ ఎనామెల్ మీద గరుకు పొడి వేసి రుద్దితే చెక్క మీద గరుకు కాగితం పెట్టినట్టే. నిమ్మతొక్కతో రుద్దితే తెల్లబడతాయని, నిమ్మరసంలో సోడా కలిపి తోమమని ఫోన్లో వీడియోలు తిరుగుతుంటాయి. తెల్లబడినట్టు కనిపించేది కొద్దిరోజులే. పైపొర పోయాక లోపలి డెంటిన్ రంగు పసుపు, ఆ పసుపే మిగులుతుంది.

మెత్తటి బ్రష్ కొనండి, సాఫ్ట్ అని డబ్బా మీదే ఉంటుంది. పేస్టు వెనక ఫ్లోరైడ్ ఉందో లేదో చదవండి. మన దేశంలో మామూలు పేస్టుల్లో 1000 పీపీఎం దాకా ఉంటుంది. ఫ్లోరైడ్ ఉన్నచోట పంటి పొర ఆమ్లానికి తొందరగా లొంగదు. తోముకున్నాక నురగ ఉమ్మేసి ఊరుకోండి, చెంబులు చెంబులు నీళ్లతో కడిగేస్తే పంటి మీద ఉండాల్సిన ఫ్లోరైడ్ కూడా పోతుంది. నాకిది అలవాటవడానికి నెల పట్టింది. రాత్రి పడుకునేముందు తోముకోవడం పొద్దుటి కంటే ముఖ్యం. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి పదిన్నరకి తాగిన బత్తాయి రసం తెల్లవార్లూ అక్కడే ఉంటుంది. బావగారి కాగితంలో నేను మొదట కొట్టేసిన గీత అదే. అక్కయ్య రెండురోజులు మాట్లాడలేదు.

పిల్లల సంగతి. పాలపళ్ల ఎనామెల్ పెద్దవాళ్ల పళ్లకన్నా పల్చన, తొందరగా పోతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోనివ్వకండి, అందులో పంచదార పాలున్నా జ్యూస్ ఉన్నా ముందుపళ్లు నల్లబడిపోతాయి. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్లదాకా బఠాణీ గింజంత చాలు. వేసవి సెలవుల్లో పచ్చి మామిడికాయ ఉప్పూకారంతో తినకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. తిన్నాక నీళ్లు పుక్కిలించే అలవాటు నేర్పండి, అంతే.

అద్దం ముందు చూసుకోండి

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర అద్దం పట్టుకుని చూడండి. ముందుపళ్ల కొసలు గాజులా వెలుతురు కనపడేలా పల్చబడ్డాయా? పళ్ల మీద చిన్న చిన్న గీతలు మాయమై నున్నగా, పాలిష్ పెట్టినట్టు అయ్యాయా? నమిలే పళ్ల మొనల మీద చిన్న గిన్నెల్లాంటి గుంటలు, వాటి మధ్యలో పసుపు కనిపిస్తోందా? పాత ఫిల్లింగు చుట్టూ పన్ను దిగిపోయి, ఫిల్లింగు దిబ్బలా పైకి లేచిందా? వీటిలో ఏదున్నా, చల్లటికీ వేడికీ జివ్వుమంటున్నా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. జివ్వుమనడానికి వాడే సెన్సిటివ్ పేస్టులు కొన్ని వారాల్లో బాధ తగ్గిస్తాయి, నాకూ తగ్గించాయి. పోయిన పొరని అవి తేలేవు. బాధ తగ్గింది కదా అని నిమ్మనీళ్లు మళ్లీ మొదలెడితే కోత అలాగే సాగుతుంది, ఈసారి కబురు కూడా రాదు.

వెళ్లేటప్పుడు ఆ రోజు కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. కుర్చీలో కూర్చోగానే మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న "పొద్దున్నే ఏం తాగుతారండీ?" అనే.